నిలువు గీతల నిలువు దోపిడీ

మొన్న ఒక పరిచయస్తురాలు ఫంక్షన్‌లో ఎదురుపడి నన్ను ఎగాదిగా చూసింది. నన్ను ఎగాదిగా చూడడానికి ఎవరికైనా పెద్ద సమయం పట్టదు. చూసి, మెచ్చుకోలుగా తలూపి, "అబ్బ, ఈ డ్రెస్సులో ఎంత పొడుగ్గా కనిపిస్తున్నావో!" అంది.

పొట్టి ఆడవాళ్లకు ఈ లోకం ఇచ్చే అత్యున్నత పురస్కారం ఇదే. రంగు నప్పిందనరు. కుట్టు బాగుందనరు. నువ్వు నీలా కనిపించడం లేదని మాత్రం సంతోషంగా చెప్తారు. మనిషిని ఆనవాలు పట్టలేకపోవడమే మెచ్చుకోలైతే, మారువేషంలో తిరిగే దొంగలకు రోజూ సన్మానాలు చెయ్యాలి.

నా ఎత్తు 150 సెంటీమీటర్లు. నాలుగడుగుల పదకొండంగుళాలంటే జనం "అయ్యో" అంటారు. నూట యాభై అంటే లెక్కలో పడతారు. వాళ్లు లెక్క తేల్చేలోపు నేను మాట మార్చేస్తాను.

పొట్టివాళ్ల దుస్తుల ధర్మశాస్త్రం నాకు కంఠతా వచ్చు. నిలువు గీతలే ధరించవలెను. అడ్డగీతలు మహాపాపం. పైనా కిందా ఒకే రంగు. ప్యాంటు నడుము వీలైనంత పైకి. పువ్వులు చిన్నవి, బ్యాగు చిన్నది, చెవి రింగులు ఇంకా చిన్నవి. పొడుగు కోటు జోలికి పోరాదు. వదులు బట్టలు తాకరాదు. ఎత్తు మడమల చెప్పులు విడువరాదు. జుట్టు నడినెత్తిన ముడి. సూత్రాలు ఎన్ని ఉన్నా అన్నిటికీ ఫలశ్రుతి ఒకటే: పొడుగ్గా కనిపిస్తారు. బలిచక్రవర్తి దగ్గరికి బయల్దేరేముందు వామనుడికి ఈ సలహాదారులు దొరక్కపోవడం ఆయన అదృష్టం. దొరికి ఉంటే "స్వామీ, ఆ గొడుగు మీ ఎత్తుకి మరీ పెద్దది" అని గుమ్మం దగ్గరే ఆపేసేవాళ్లు. మూడో అడుగు సంగతి దేవుడెరుగు, మొదటి అడుగే పడేది కాదు.

శాస్త్రాన్ని విమర్శించేముందు ఆచరించి చూడాలి కదా. ఒక సోమవారం అన్ని సూత్రాలూ ఒకేసారి పాటించాను. ముదురు నీలం నిలువు గీతల చొక్కా, అదే నీలంలో హై వెయిస్ట్ ప్యాంటు, మొనదేలిన ఎత్తు చెప్పులు, నెత్తిన ముడి. హై వెయిస్ట్ ప్యాంటు మామూలు మనిషికి బొడ్డు దగ్గర ఆగుతుంది. నాకు పక్కటెముకలు దాటి ప్రయాణం కొనసాగిస్తుంది. ఇంకాస్త ఊరుకుంటే చొక్కా ఖర్చు మిగిలేది.

ఆఫీసుకి వెళ్లాను. గుమ్మంలో ఎవరూ "మేడం, తల జాగ్రత్త" అనలేదు. లిఫ్టులో ఎప్పట్లాగే మిగతావాళ్ల భుజాలు నా కళ్ల ఎత్తులో ఉన్నాయి. సీట్లో కూర్చోగానే పై అరలో ఫైలు కావాల్సి వచ్చింది. నేను అటు నడవడం చూసి అటెండరు ఎప్పట్లాగే స్టూలు తెచ్చి వేశాడు. నిలువు గీతల సంగతి ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. "వద్దు, ఇవాళ నేను పొడుగు" అందామనుకున్నాను. ఫైలు దానికి ఒప్పుకోలేదు. మధ్యాహ్నం మీటింగులో పోడియం వెనక నిలబడి పావుగంట మాట్లాడాను. తర్వాత ఫొటో పంపించారు. అందులో ఒక మైకు, మైకు వెనక ఒక జుట్టు ముడి ఉన్నాయి. ముడి మాత్రం, ఉన్నమాట చెప్పాలి, చాలా ఎత్తుగా వచ్చింది.

రోజూ స్టూలెక్కే మనిషిని, రోజూ చూసేవాళ్లు, చొక్కా గీతలు చూసి ఆరడుగుల మనిషని భ్రమపడతారని ఈ శాస్త్రం రాసినవాళ్లు ఎలా అనుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఈ కనికట్టు పనిచెయ్యాలంటే నేను ఒంటరిగా, కదలకుండా, పక్కన తలుపు గానీ కుర్చీ గానీ మనిషి గానీ లేకుండా నిలబడాలి. అలా నిలబడితే ఎవరైనా చూసి పొడుగనుకోవడం మాట అటుంచి, ఈమెకి ఏమైందోనని కంగారుపడతారు.

ఇక అసలు మోసం. హెర్మన్ వాన్ హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1867లోనే రాసిపెట్టాడు: రెండు సమాన చతురస్రాలు తీసుకుని ఒకదాన్ని అడ్డగీతలతో, ఇంకోదాన్ని నిలువు గీతలతో నింపితే, అడ్డగీతలదే పొడుగ్గా, సన్నగా కనిపిస్తుందని. మీరు చదివింది నిజమే. అడ్డగీతలది. 2011లో ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని మళ్లీ కొలిచారు. నిలువు గీతల బొమ్మ అడ్డగీతల బొమ్మంత ఎత్తుగా అనిపించాలంటే దాన్ని 7.1 శాతం సాగదీయాల్సి వచ్చిందట. కాగితం మీది చతురస్రం వేరు, తిరిగే మనిషి వేరు అని ఆ తర్వాత వాదనలు జరిగాయి. జరగనివ్వండి. నా బాధ వేరే. నూట యాభైలో 7.1 శాతం అంటే పది సెంటీమీటర్ల పైమాటే. ఇరవయ్యేళ్లుగా నిలువు గీతలు వేసుకుని, ఉన్నదాంట్లో పది సెంటీమీటర్లు పోగొట్టుకున్నానేమోనని నాకు రాత్రుళ్లు టెన్షన్. నిలువు దోపిడీ అనే మాట ఎందుకు పుట్టిందో ఆ రోజు తెలిసింది.

దుకాణాల్లో మాలాంటివాళ్లకు పెట్టిన గౌరవనామం 'పెటీట్'. ఫ్రెంచిలో చిన్నది అని అర్థం. బట్టల వ్యాపారంలో మాత్రం అది ఎత్తుకి సంబంధించిన మాట: సుమారు ఐదడుగుల నాలుగంగుళాలు, అంటే 163 సెంటీమీటర్లు, అంతకు లోపు. సన్నం అని అర్థం కాదు. నా అంత ఎత్తుండి నాకు రెండింతలున్న మనిషి కూడా పెటీటే. ఆమెకి ఏ ర్యాకులోనూ ఏమీ దొరకదన్నది వేరే సంగతి. ఇంకో తమాషా వినండి. ప్రపంచంలో ఆడవాళ్ల సగటు ఎత్తు దాదాపు 160 సెంటీమీటర్లు. అంటే ఈ భూమ్మీద ఆడవాళ్లలో సగానికి పైగా 'ప్రత్యేక కేటగిరీ'. ఊరంతా ఒక వరసలో ఉంటే, ఆ వరసకే 'వరస తప్పినవాళ్లు' అని పేరు పెట్టడం ఇక్కడే చూశాను. ఆ సగానికి పైగా జనానికి కేటాయించింది ఎక్కడో మూల ఒక ర్యాకు. అందులో మూడు నల్ల ప్యాంట్లు, ఒక బూడిద రంగు ప్యాంటు.

అమెరికాలో 1939, 1940లలో దాదాపు పదిహేను వేలమంది ఆడవాళ్లను, ఒక్కొక్కరికి 59 కొలతల చొప్పున కొలిచారు. తెల్లవాళ్లు కానివాళ్ల కొలతలు తీసి కూడా పక్కన పడేశారు. ఆ లెక్కల ఆధారంగా 1958లో తెచ్చిన సైజుల ప్రమాణంలో అంకె పక్కన ఎత్తుకి కూడా ఒక అక్షరం ఉండేది: పొడుగు, మధ్యస్థం, పొట్టి. 1983లో ఆ ప్రమాణాన్ని ఎత్తేశారు. ఇప్పుడు ఎవరిష్టం వాళ్లది. కంపెనీ ఒక మోడల్ ఒంటికి ఒక నమూనా కుడుతుంది, దాన్నే పెంచీ తగ్గించీ మిగతా సైజులు చేస్తుంది. తగ్గించేటప్పుడు చుట్టుకొలత బాగానే తగ్గుతుంది, పొడుగు ఏదో మొక్కుబడిగా తగ్గుతుంది. అందుకే వాళ్ల దృష్టిలో 'స్మాల్' అంటే చిక్కిపోయిన పొడుగుమనిషి.

"కింద కత్తిరించి మడిచి కుట్టిస్తే సరి కదమ్మా" అంటారు. ఈ మాట అన్నవాళ్లు జీవితంలో సూది పట్టి ఉండరు. ప్యాంటు మోకాలు నా పిక్క మీద ఉంటే కింద కత్తిరిస్తే మోకాలు పైకి వస్తుందా? చొక్కా చంక దగ్గర జానెడు జారి ఉంటే చెయ్యెత్తినప్పుడల్లా చొక్కా మొత్తం లేస్తుంది. దానికి ఏ అంచు కత్తిరించాలి? భుజం కుట్టు మోచేతి వైపు దిగిపోతే టైలరు చొక్కాని మళ్లీ మొదటి నుంచీ కుట్టాలి. బెల్ బాటమ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మోకాలి కింద నుంచి విచ్చుకోవడమే దాని అందం. నా ఎత్తుకి కత్తిరిస్తే విచ్చుకున్నదంతా కత్తెర కింద పోతుంది. బెల్లు టైలరు దగ్గర వదిలేసి, బాటమ్ ఒక్కటీ ఇంటికి తెచ్చుకుంటాను.

అన్నిటికన్నా నేను ఎక్కువ ప్రేమించే సలహా దుకాణంలో అమ్మాయి ఇచ్చేది. ఎంతో మర్యాదగా, గొంతు తగ్గించి, "మేడం, మీకు పిల్లల సెక్షన్‌లో బాగా దొరుకుతాయి" అంటుంది. వెళ్లాను. వెళ్లకపోతే పొగరంటారు. పన్నెండేళ్ల పిల్లల జాకెట్ చేతుల పొడుగు అచ్చంగా సరిపోయింది. నా ఎత్తు పన్నెండేళ్ల పిల్లది, మిగతాదంతా నలభై రెండేళ్ల ఆడమనిషిది. కాబట్టి జిప్పు సగం దాకా వచ్చి ఆలోచనలో పడింది. వీపు మీద కుందేలు. టోపీకి రెండు చెవులు. జేబు మీద 'నేను మంచి పాపని' అని తళుకుల అక్షరాలు. పక్కన తొమ్మిదేళ్ల అమ్మాయి అదే జాకెట్ వేసుకుని అద్దంలో నన్ను చూసింది. "ఆంటీ, మీది ఏ క్లాసు?" అని అడగలేదు గానీ అడగబోయింది. వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. ఆ జాకెట్‌లో నేను సోమవారం బడ్జెట్ మీటింగు నడుపుతూ, "ఈ ఖర్చు నేను ఒప్పుకోను" అని బల్ల గుద్దుతుంటే, నా నెత్తిన రెండు చెవులు ఊగుతున్నట్టు ఊహించుకున్నాను. ఖర్చు తప్పకుండా మంజూరయ్యేది.

నవ్వుకోండి. నేనూ నవ్వుకుంటాను. కానీ ఆ జాకెట్ దగ్గర నాకు నవ్వు ఆగిపోయింది. ముప్ఫై ఏళ్లు దాటిన మనిషికి బుగ్గ గిల్లడం, తల నిమరడం, మాట్లాడుతుంటే "క్యూట్" అనడం, ఇవన్నీ పడేది మేమే. పెద్దమనిషి బట్టలు దొరక్కుండా చేసి, పిల్లల బట్టల్లోకి తోసి, ఆపైన చిన్నపిల్లలా ఉన్నావంటారు. పరిహారంగా ఎత్తు చెప్పులు చేతిలో పెడతారు. రోజంతా వేళ్ల మీద నిలబడితే వేళ్లు వంకర్లు పోతాయి, మడమలు సలుపుతాయి, నడుం పట్టేస్తుంది. జపాన్‌లో 2019లో యూమి ఇషికావా అనే నటి ఉద్యోగాల్లో ఎత్తు చెప్పులు తప్పనిసరి చెయ్యొద్దని ఉద్యమం లేవదీసింది. పేరు 'కుటూ'. వాళ్ల భాషలో కుట్సు అంటే బూట్లు, కుట్సూ అంటే నొప్పి. ఆ చెప్పులు ఉద్యోగంలో అవసరమే అన్న ధోరణిలో అక్కడి మంత్రిగారు మాట్లాడారు. ఆయన ఆ మాట చదునైన బూట్లలో నిలబడి అన్నారని నా గట్టి నమ్మకం.

అదే ఏడాది మార్చిలో ఇద్దరు ఆడవాళ్లు కలిసి అంతరిక్షంలో నడవాల్సి ఉంది. ఆఖరి నిమిషంలో జోడీ మార్చారు. ఎందుకంటే ఇద్దరికీ కుదిరే కొలతలో సూటు పైభాగం అంతరిక్ష కేంద్రంలో సిద్ధంగా ఉన్నది ఒకటే. నాసా దగ్గర! రాకెట్టు వెళ్లింది, మనుషులు వెళ్లారు, కొలతకి చొక్కా వెళ్లలేదు. ఇద్దరు ఆడవాళ్ల నడక చివరికి అక్టోబర్ 18న జరిగింది. అక్కడ సూటు దొరకని వ్యోమగామికి ఎవరూ "నిలువు గీతలు వేసుకుంటే సరిపోతుందమ్మా" అనలేదు. ఒంటికి కుదరని బట్టలో పనిచెయ్యలేమని అంతరిక్షంలో అందరికీ అర్థమవుతుంది. కిందికి దిగేసరికి అది ఆడదాని సోకైపోతుంది. పొట్టిగా ఉండడం నా లోపం కాదు, నన్ను కొలవకుండా కుట్టడం వాళ్ల బద్ధకం. ఆ బద్ధకాన్ని దాచడానికి నన్ను మారువేషం వేసుకోమంటారా?

సరే. కోపం దిగింది.

ఇప్పుడు నేనేం వేసుకుంటున్నానని అడుగుతారు. ఒక నెలంతా బీరువాలోంచి ముందుగా చెయ్యి వేటి మీదికి వెళ్తోందో గమనించాను. పెద్ద కాలర్లు, పసుపు, ఎరుపు, అరచేతంత పువ్వులు. పిక్కల దాకా దిగే పొడుగు కోటు. శాస్త్రం నిషేధించినవన్నీ. కొనేటప్పుడు భుజం కుట్టు చూస్తాను, ఆ తర్వాత చంక, ఆ తర్వాత ప్యాంటు బిగువు. ఈ మూడూ కుదిరితే మిగతాది టైలరు చూసుకుంటాడు. కుదరకపోతే ఎంత ముచ్చటపడ్డా వదిలేస్తాను. జేబులో చెయ్యి పెడితే చెయ్యి జేబులోకే వెళ్లాలి, మోకాలి దగ్గర వెతుక్కోకూడదు. ఇంత చిన్న కోరిక తీరడానికి నాకు ఇరవయ్యేళ్లు పట్టింది.

పోయిన వారం ఎరుపూ తెలుపూ అడ్డగీతల చొక్కా వేసుకుని వెళ్తే, అదే పరిచయస్తురాలు మళ్లీ ఎదురైంది. చాలాసేపు చూసింది. "బాగుంది కానీ, ఇందులో కొంచెం పొట్టిగా కనిపిస్తున్నావు" అంది, బాధగా.

"కనిపించడమేంటి, ఉన్నాను కదా" అన్నాను. పాపం, ఆమెకి ఎప్పుడూ తట్టలేదనుకుంటా.

బెల్ బాటమ్‌ల నుంచి కత్తిరించిన ముక్కలు ఈమధ్య టైలరు సంచీడు తెచ్చి ఇంట్లో ఇచ్చి వెళ్లాడు. పొడుగ్గా కనిపించాలని ఇంకా తపన పడుతున్నవాళ్లెవరైనా ఉంటే వచ్చి పట్టుకెళ్లండి. అన్నీ నిలువు గీతలవే.