సవరణ: ప్లాస్టిక్ కేసులో ఉన్న కామిక్స్‌కు ఏ స్కానర్?

సీజీసీ (కామిక్స్‌కు గ్రేడు ఇచ్చి, గట్టి ప్లాస్టిక్ కేసులో సీల్ చేసే సంస్థ) కేసుల్లోని కామిక్స్‌కు 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు చదువుతుందో ఆ లెక్క) ఉన్న ఏ ఫ్లాట్‌బెడ్ స్కానర్ అయినా చాలని ముందు పోస్టులో ఉంది. అది సరికాదు. కొనేముందు చూడాల్సింది డీపీఐ కాదు, సెన్సర్.

కెనాన్ లైడ్ 300, లైడ్ 400, ఎప్సన్ వీ39 లాంటి పల్చటి స్కానర్లలో ఉండేది సీఐఎస్ సెన్సర్. గాజుకు ఆనుకున్న కాగితాన్నే అది స్పష్టంగా చదువుతుంది. కేసులోని కామిక్ గాజుకు కాస్త ఎత్తులో ఉంటుంది కాబట్టి బొమ్మ మసకగా వస్తుంది. డీపీఐ పెంచితే ఆ మసకే ఇంకా పెద్ద ఫైల్‌లో వస్తుంది, అంతే! లెన్సుతో పనిచేసే సీసీడీ రకానికి, అంటే ఎప్సన్ వీ600 లాంటి దానికి, ఆ కాస్త ఎత్తు పెద్ద ఇబ్బంది కాదు. వీ39, వీ600 రెండూ పర్ఫెక్షన్ పేరుతోనే వస్తాయి, జాగ్రత్త.

ఇంకో సంగతి, కేసు పొడవు సుమారు 13 అంగుళాలు. ఏ4 స్కానర్ గాజు 11.7 అంగుళాలే. కేసు పైభాగంలోని గ్రేడు లేబుల్‌తో సహా కావాలంటే రెండు ముక్కలుగా స్కాన్ చేసి కలుపుకోవాలి. మూతను బలవంతంగా నొక్కొద్దు. తెరిచే ఉంచి, పైన నల్లగుడ్డ కప్పండి.