సగం నవ్వు ఎక్కడ దాచారు, స్లైడరు గారూ?

మహారాజశ్రీ నవ్వు స్లైడరు గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టలేను. తమరు కుశలమే. యానిమేషన్ బొమ్మ ముఖంలో నవ్వును పెంచి తగ్గించే కంప్యూటరు పిడి తమరు. నేను మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఆరున్నర దాకా తమ ముందే కూర్చున్నాను. మూడు టీలు చల్లారాయి.

షాటు మూడు సెకన్లు, అంటే 72 ఫ్రేములు. మూతికి సున్నుండ పొడి అంటుకున్న మనవడు "నేను తినలేదు" అంటాడు. బామ్మకు నవ్వొస్తుంది, ఆపుకుంటుంది. అంతే కథ. తమరు 0 దగ్గర ఉంటే నవ్వు లేనట్టు, 1 దగ్గర ఉంటే నిండు నవ్వు. కాబట్టి 0.5 దగ్గర సగం నవ్వు దొరుకుతుందని ఆశపడ్డాను. అక్కడ దొరికింది పులుపుకు పళ్లు జివ్వుమన్నా పైకి చెప్పుకోలేని ముసలమ్మ.

తప్పు తమరిది కాదు, లెక్కది అంటాడు బొమ్మకు ఈ పిడులన్నీ అమర్చే మా రిగ్గింగ్ కుర్రాడు. మామూలు ముఖంలో పెదవి మూల ఒకచోట, నవ్విన ముఖంలో మరోచోట. తమరు ఆ రెండు చోట్ల మధ్య దారం కట్టి, దాని మీదే తిన్నగా నడుస్తారు. మనిషి పెదవి పళ్ల వరస మీదుగా వంపు తిరిగి చెంపవైపు పోతుంది. తమరేమో అడ్డదారిన పళ్లలోకి దూరిపోతారు. ఇది వంశంలోనే ఉన్నట్టుంది. తమ తమ్ముడు కనురెప్పల స్లైడరును సగం దించగానే రెప్ప వెళ్లి కనుగుడ్డులో మునిగింది. 0.5 దగ్గర ఒక మధ్య రూపం చెక్కి పెట్టాను. దవడ స్లైడరునూ తమరినీ కలిపి కదిపితే, ఎవరి జరుగుడు వారు కూడేసి నోటి మూలను చెవి కిందికి ఈడ్చుకుపోయారు. దానికొక దిద్దుబాటు రూపం. ఎడమ అంటే బామ్మ ఎడమా, నా ఎడమా అన్న గొడవ ఈ ఉత్తరంలో ఎత్తను.

నవ్వు సంగతి మాత్రం వదలను. నాట్యశాస్త్రం నవ్వును ఆరు రకాలుగా చెప్పింది. మొదటిది స్మితం: చెక్కిళ్లు కొద్దిగా విచ్చుకోవాలి, పళ్లు కనబడకూడదు. ఆరోది అతిహసితం. దాన్ని ఆరుతో భాగిస్తే స్మితం వస్తుందని అందులో ఎక్కడా లేదు. 1978లో ఎక్‌మన్, ఫ్రీసెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ముఖ కదలికలకు నంబర్లు వేసినప్పుడు పెదవి మూల లాగడానికి 12, చెంప పైకెత్తడానికి 6 అని విడివిడిగా ఇచ్చారు, కళ్లతో సంబంధం లేకుండా పెదవి ఒక్కటే నవ్వగలదు గనక. ముసిముసి నవ్వు, పొడి నవ్వు, వెకిలి నవ్వు, ఇకిలింపు... వీటిలో ఏది దేనికి సగం?

మా బామ్మ నవ్వు ఆపుకోవడం నేను చూశాను. పెదవులు లోపలికి నొక్కుకునేది. గడ్డం మీద చిన్న గుంటలు పడేవి. చెంపలు మాత్రం మాట వినేవి కావు, పైకి లేచి కళ్లను చిన్నవి చేసేవి. ఆపుకున్న నవ్వంటే నిండు నవ్వు మీద మూతయ్యా! నీకు మూత తెలియదు. ఎక్కువ తెలుసు, తక్కువ తెలుసు. అయిదున్నర గంటలు నీ పిడి పట్టుకుని అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను, సిగ్గులేకపోతే సరి, నీకైనా నాకైనా!

చివరికి నిన్ను 0.8కి తోసి, దాని మీద పెదవులు నొక్కే స్లైడరును దాదాపు పూర్తిగా ఎక్కించి, ఆ రెండూ కొట్టుకున్న చోట ఇంకో దిద్దుబాటు చెక్కాను. చెంపలు వేరే తాడుతో లాగాను. 41వ ఫ్రేము నుంచి 50 దాకా బామ్మ నిజంగా నవ్వు ఆపుకుంది. పక్క సీటు అమ్మాయి కుర్చీ తిప్పి చూసి తనూ నవ్వేసింది. ఆ పది ఫ్రేములకు నీకు దండం పెట్టాను, ఒప్పుకుంటున్నాను.

ఏడింటికి దర్శకులు వచ్చి రెండుసార్లు వేయించుకుని చూశారు. "చాలా బాగుంది. ఆ నవ్వు మాత్రం సగానికి తగ్గించండి" అన్నారు.

రేపు పొద్దున తొమ్మిదింటికి కలుద్దాం.

ఇట్లు,
తమ పిడి పట్టుకుని వేలాడుతున్న యానిమేటర్