ఎద్దు మెడ మీద ఎంత?

డాలస్‌లో మా మేనల్లుడు కొనబోయే పికప్ ట్రక్కు గురించి చిత్తూరులో మా ఇంట్లో మూడు ఆదివారాలుగా మహాసభలు జరుగుతున్నాయి. వాడు ట్రావెల్ ట్రైలర్ కొన్నాడు. మంచాలు, వంటగట్టు, స్నానాలగది ఉన్న చక్రాల ఇల్లు. సామానుతో సహా 3,000 కిలోలు. దాన్ని లాగే బండి ఏదో తేల్చే బాధ్యత, న్యాయంగానే, దాన్ని ఎన్నడూ చూడని మా మీద పడింది.

తొలి తీర్మానం బావది. "ఫోర్డ్ ఎఫ్-150ని అర టన్ను బండి అంటారంట. మన టాటా ఏస్ ముప్పావు టన్ను మోస్తా ఉండాది. ఏముందిరా దాంట్లో?" అది పాతకాలం పేరు, ఇప్పటి బండ్లు అంతకన్నా ఎక్కువే మోస్తాయని వాడు ఫోన్లోంచి చెప్పబోయాడు. సభ అనుమతించలేదు.

పక్కింటాయన స్వదేశీవాది. మన శ్రీసిటీలో ఇసుజు పికప్పులు తయారవుతుంటే ఫోర్డెందుకని నిలదీశాడు. యూరప్ వాళ్లు అమెరికా కోళ్ల మీద పన్నేశారని అలిగి, అమెరికా 1964లో దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసిందని మేనల్లుడు వివరించాడు. కోళ్లు ఎప్పుడో కూరైపోయాయి, సుంకం మిగిలింది. గట్టు తగాదాలను మూడు తరాలు నడిపే మాకు ఇందులో వింతేమీ కనిపించలేదు.

"తిరుమల ఘాట్ ఎక్కతాదా?" అన్నాడు బావ. డాలస్ చుట్టూ నేలంతా చదునే. అయినా మా వైపు ఏ బండికైనా ఇదే ఎంట్రన్సు పరీక్ష. నన్నడిగితే 1974 నాటి రెండో ఘాట్ ఎక్కడం గొప్ప కాదు, 1944 నాటి మొదటి ఘాట్ దిగడం గొప్ప. వెనక నుంచి మూడు టన్నులు తోస్తుంటే ట్రక్కు బ్రేకులొక్కటే చాలవు. ట్రైలర్‌కీ బ్రేకులుండాలి, డ్రైవరు చేతికందేలా వాటి కంట్రోలరూ ఉండాలి. ఈ మాటే అన్నాను.

"ఎక్కేదానికి ఇంజను, దిగేదానికి ఎంకన్నసామి" అని బావ చర్చ ముగించాడు.

మూల మంచం మీంచి మా నాయన అడిగాడు: "బండి మొగ్గు యాడుండాది? ఎద్దు మెడ మీద ఎంత పడతాది?"

పెద్దాయన కదా, ఎవరూ పట్టించుకోలేదు. మేనల్లుడు మాత్రం కాలిక్యులేటర్ తీశాడు. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ట్రక్కు కొక్కెం మీద ఆనాలి. తగ్గితే ట్రైలర్ రోడ్డు మీద తోకాడిస్తుంది. 400 కిలోలు అనుకుందాం. మనుషులూ సామానూ కలిపి ఎంతకు మించకూడదో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరుంటుంది. వాడు చూసొచ్చిన బండికి 680. కొక్కెం మీది బరువూ అందులోదే, అది పోగా మిగిలింది 280. మొగుడూ పెళ్లాం, ఇద్దరు పిల్లలు కలిసి 230.

"ఇంకా యాభై కిలోలుంది తాతా!" అన్నాడు వాడు సంబరంగా.

"సరిపోయింది. మేలో మేమొస్తాం కదా" అంది అక్క. "ఆవకాయ జాడీలు రెండు, రాగిపిండి పది కిలోలు, చిన్న రోలొకటి. అంతే."

బావ ఒక్కడే 95 కిలోలు.

ఫోన్లో మేనల్లుడి మొహం కదలకుండా ఉండిపోయింది. సిగ్నల్ పోయిందనుకున్నాం.