క్రీము ట్యూబు గారికి ఒక దవడ విన్నపము

మహారాజశ్రీ మందుల షాపు అద్దాల అరలో ముందు వరుసన కొలువుదీరిన క్రీము ట్యూబు గారి దివ్యసముఖమునకు, ముప్పై అయిదేళ్ళ ముఖం ఒకటి నమస్కరించి వ్రాసుకొను విన్నపములు. ఉభయకుశలోపరి అనడం ఆనవాయితీయే గాని, ఈ వైపు కుశలం అంతంతమాత్రం కనుక ఆ మాటను మీ వరకే ఉంచుకోండి.

మన పరిచయం ఎలా జరిగిందో మీకు గుర్తుండకపోవచ్చు. నెలసరికి వారం ముందు నా గడ్డం మీదా దవడ అంచునా మొటిమలు లేస్తాయి. కాలేజీ రోజుల్లోలా గిల్లితే పోయేవి కావు, తల బయటపెట్టకుండా చర్మం లోపలే గడ్డకట్టి, అన్నం నమిలినా సలిపే రకం. పదహారేళ్ళప్పుడు వయసు అన్నారు, ఇరవై అయిదుకు పెళ్ళయితే పోతాయన్నారు, పెళ్ళయ్యాక ఒక కాన్పయితే పోతాయన్నారు. మా అబ్బాయి ఇప్పుడు మూడో తరగతి చదువుతున్నాడు. ఇంకేం కావాలో చెప్పేవాళ్ళు మిగల్లేదు. అలాంటి రోజుల్లో తలనొప్పి మాత్రల కోసం వెళ్ళిన నాకు, చిల్లర లెక్కపెడుతూనే షాపు కుర్రాడు "రాత్రిళ్ళు రాయండక్కా, వారంలో గ్లో వస్తుంది" అంటూ మిమ్మల్ని చేతిలో పెట్టాడు. డాక్టరు చీటీ అడగలేదు సరికదా, నా మొహం వంక కూడా సరిగా చూడలేదు.

మీ వంశం సామాన్యమైనదేమీ కాదు. 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అనే అమెరికా వైద్యులు హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, ఒక స్టెరాయిడ్ కలిపి చర్మపు రంగు తగ్గించే మందును ప్రకటించారు. ఆ స్టెరాయిడ్ పీట మీద మరో స్టెరాయిడైన మోమెటసోన్‌ను కూర్చోబెట్టుకుని మీరు వెలిశారు. మంగు మచ్చలకు, డాక్టరు కనిపెట్టి చూస్తుండగా, కొద్ది వారాలు మాత్రమే వాడవలసిన మీరు పెళ్ళిచూపులకూ, పండుగలకూ, చివరికి నా దవడకూ సర్వరోగ నివారిణి అయ్యారు. అయిదో రోజుకల్లా ఎరుపు అణగింది, గడ్డలు కుంగాయి, స్టాఫ్‌రూములో ఇద్దరు టీచర్లు మీ పేరు రాసుకున్నారు కూడా. ఆ పాపం నా ఖాతాలోనే ఉంది.

మూడో నెలలో మీ అసలు ప్రతిభ బయటపడింది. ఉదయం ప్రార్థనకు పది నిమిషాలు ఎండలో నిలబడితే చెంపలు మిరపకాయ రుద్దినట్టు మండేవి. పలచబడ్డ చర్మం కింద సన్నని ఎర్రటి రక్తనాళాలు పటంలోని నదుల్లా తేలాయి. నూగు వెంట్రుకలు మొలిచాయి. పోయాయనుకున్న మొటిమలు ఈసారి యూనిఫాం వేసుకున్నట్టు అన్నీ ఒకే సైజులో బారులు తీరి వచ్చాయి. మానేద్దామని రెండు రాత్రులు రాయకపోతే మొహమంతా వాచింది, మళ్ళీ రాస్తే చల్లబడింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న సామెతలో రెండు వేషాలూ మీరొక్కరే కట్టారు.

చర్మ వైద్యురాలు భూతద్దం పెట్టి చూసి, నేను నోరు తెరవకముందే "ఏ క్రీము వాడారు?" అన్నారు. నెలసరి సక్రమంగా వస్తోందా, గడ్డం మీద వెంట్రుకలు ముందు నుంచీ ఉన్నాయా అని అడిగి, అండాశయాల్లో హార్మోన్లు అదుపు తప్పే పీసీఓఎస్ ఉందేమో చూద్దామని స్కాను రాశారు. నా మొటిమలకూ నా అండాశయాలకూ చుట్టరికం ఉండవచ్చని ఇన్నేళ్ళలో అనుకున్న మనిషి ఆమె ఒక్కరే. ముందు మీరు పెట్టిన మంట చల్లారాలని, ఆ తరువాత అజెలాయిక్ యాసిడ్, ఆపైన రాత్రిపూట బఠాణీ గింజంత అడపలీన్ ముఖమంతా పలచగా రాయాలని, మొదటి వారాల్లో పొట్టు రేగుతుందని, మూడు నెలలకు గాని ఫలితం తెలియదని, మళ్ళీ గర్భం దాల్చే ఆలోచన ఉంటే ముందే చెప్పాలని ఆమె వివరిస్తుంటే, వారంలో గ్లో అని ఒక్క మాటైనా అనని ఆ మందుల మీద, నిజం చెప్పాలంటే, నాకు కొంచెం విసుగే వచ్చింది.

2018లో ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. మీ పెట్టె మీదా చీటీ మందని తెలిపే ఎర్రగీత ఉంది. మొన్న షాపుకు వెళ్ళినప్పుడు చూస్తే, సరిగ్గా దాని మీదనే ధర కాగితం అంటించి ఉంది. నా పక్కన నిలబడ్డ కాలేజీ అమ్మాయికి కుర్రాడు మిమ్మల్ని అందిస్తూ, రాత్రిళ్ళు రాయమని చెబుతున్నాడు. ఆ అమ్మాయి ఒకసారి మిమ్మల్నీ, ఒకసారి నా చెంపలనూ చూసి, సబ్బు ఒకటి కొనుక్కుని వెళ్ళిపోయింది.

ఇట్లు,
మీ మాజీ ఖాతాదారు