స్టీరింగ్ ఇటు మారిస్తే సరిపోతుందా?

పాత కార్ల మోజున్నవాళ్ల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. విదేశం నుంచి తెప్పించిన లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్ (స్టీరింగ్ ఎడమ పక్క ఉండే) క్లాసిక్ కారును రైట్ హ్యాండ్ డ్రైవ్‌గా మార్చడం పెద్ద పనేం కాదని దాని సారాంశం. కారు రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి అద్దంలో బొమ్మలా తిప్పేస్తే చాలట. స్టీరింగ్‌ను గొలుసుతో ఇటు తెచ్చుకోవచ్చట, బ్రేకుకు ఒక రాడ్డు వేస్తే సరిపోతుందట. ఎడమ పక్క నడిచే రోడ్ల మీద మార్చకుండా నడిపితే ప్రాణాలకే ముప్పట. మారిస్తే విలువ పెరుగుతుందట, నచ్చకపోతే మళ్లీ పాతలా చేసుకోవచ్చట. వీటిలో రెండు మాటల్లో సగం సగం నిజం ఉంది. మిగతావి నమ్మి కట్టర్ పట్టుకుంటే కారు పాడవడం ఖాయం.

"కారు రెండు వైపులా ఒకేలా ఉంటుంది"

బయట నిలబడి చూస్తే అలాగే కనిపిస్తుంది. డ్రైవర్ కాళ్ల దగ్గర టార్చి వేసి చూస్తే తేడా తెలుస్తుంది. స్టీరింగ్ ఏ వైపున్నా పెడళ్ల వరస మారదు: ఎడమ చివర క్లచ్, మధ్యలో బ్రేక్, కుడి చివర యాక్సిలరేటర్. లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్‌లో యాక్సిలరేటర్ పక్కన గేర్‌బాక్స్ సొరంగం (గేర్‌బాక్స్ మీద ఫ్లోర్ మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే భాగం) ఉంటుంది, క్లచ్ పక్కన చక్రం గూడు ఉంటుంది. కుడికి వచ్చేసరికి ఇది తారుమారవుతుంది. సొరంగం ఉబ్బు క్లచ్ కాలికి అడ్డొస్తుంది, యాక్సిలరేటర్ వెళ్లి చక్రం గూడుకు ఆనుకుంటుంది. డ్యాష్‌బోర్డును అద్దంలో బొమ్మలా చేయొచ్చేమో గానీ పెడళ్లను చేయలేం. వాటికి వేరే బ్రాకెట్లు, వేరే కోణాలు కావాలి. కొన్ని కార్లలో ఫ్లోర్ రేకునే మార్చాల్సి వస్తుంది.

బానెట్ కింద సంగతి ఇంకా చిక్కు. చాలా పాత ఇంజిన్లకు ఒక పక్క కార్బురేటర్లు, మరో పక్క ఎగ్జాస్ట్ ఉంటాయి. స్టీరింగ్ షాఫ్ట్‌కు ఎడమ పక్క వదిలిన ఖాళీ కుడి పక్క ఉంటుందన్న భరోసా లేదు. 1986లో వచ్చిన బీఎండబ్ల్యూ ఈ30 ఎం3నే తీసుకోండి. ఆ తరం మామూలు 3 సిరీస్ కార్లు కుడి స్టీరింగ్‌తోనూ వచ్చాయి. ఎం3ని మాత్రం కంపెనీ ఎడమ స్టీరింగ్‌తోనే చేసింది. బాడీ దాదాపు అదే, లోపల ఇంజిన్ వేరు.

అందుకే నా దృష్టిలో అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఒక్కటే: ఈ మోడల్‌ను కంపెనీ ఎప్పుడైనా కుడి స్టీరింగ్‌తో తయారుచేసిందా? జాగ్వార్ ఈ టైప్ బ్రిటన్ కారు. చాలా కార్లు ఎడమ స్టీరింగ్‌తో అమెరికాకు వెళ్లాయి గానీ, సొంత దేశంలో అమ్మినవి కుడి స్టీరింగ్‌వే. కాబట్టి ర్యాక్ (ముందు చక్రాలను అటూ ఇటూ తిప్పే పళ్ల కడ్డీ), పెడల్ బాక్స్, డ్యాష్‌బోర్డు అన్నిటికీ అసలు నమూనా ఉంది, భాగాలూ దొరుకుతాయి. మెర్సిడెస్ 300 ఎస్ఎల్ గల్‌వింగ్ అలా కాదు. 1954 నుంచి 1957 దాకా తయారైన 1,400 కార్లూ ఎడమ స్టీరింగ్‌వే. దాన్ని మార్చాలంటే ప్రతిదీ కొత్తగా ఊహించి చేయాలి. మస్టాంగ్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి కుడి స్టీరింగ్ మస్టాంగ్ రావడానికి 2015 దాకా ఆగాల్సి వచ్చింది. అయితే మొదటి తరం మస్టాంగ్‌ను ఫోర్డ్ ఫాల్కన్ పునాది మీదే కట్టారు, ఆ ఫాల్కన్ ఆస్ట్రేలియాలో కుడి స్టీరింగ్‌తో తయారైంది. 1960ల మధ్యలో ఫోర్డ్ ఆస్ట్రేలియా కొన్ని మస్టాంగులను తానే కుడికి మార్చి అమ్మింది కూడా. మీ కారుకు కుడి స్టీరింగ్ అన్నదమ్ములెవరైనా ఉన్నారేమో వెతకండి. లేకపోతే ఈ పని జోలికి పోకపోవడమే మంచిది.

"స్టీరింగ్‌ను గొలుసుతో ఇటు తెచ్చుకోవచ్చు"

స్టీరింగ్ బాక్స్‌ను (స్టీరింగ్ తిప్పుడును ముందు చక్రాలకు చేర్చే గేర్ల పెట్టెను) ఎడమ వైపే వదిలేసి, డ్యాష్‌బోర్డు వెనక గొలుసు వేసి స్టీరింగ్ చక్రాన్ని మాత్రం కుడికి తేవడం పాత చవక పద్ధతి. గొలుసు వాడేకొద్దీ సాగుతుంది. సాగినకొద్దీ స్టీరింగ్‌లో ఆట, అంటే తిప్పినా చక్రాలు కదలని వదులు, పెరుగుతుంది. తెగిన రోజు ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గేర్లు వేసినా ఆట తప్పదు. ఇలాంటి కారు చూస్తే నేను బేరం దాకా కూడా వెళ్లను.

ఇంకొందరు ఎడమ ర్యాక్‌నే తిరగేసి బిగిస్తామంటారు. పినియన్ (స్టీరింగ్ షాఫ్ట్ చివర ఉండే చిన్న పళ్ల చక్రం) పళ్లు ర్యాక్‌కు ఏ పక్క కలుస్తాయన్న దాన్ని బట్టే చక్రాలు ఎటు తిరగాలో తేలుతుంది. ర్యాక్‌ను బోర్లా వేస్తే స్టీరింగ్ కుడికి తిప్పినప్పుడు చక్రాలు ఎడమకు పోతాయి. కుడి స్టీరింగ్ కోసం చేసిన ర్యాకే కావాలి. దాన్ని కూడా సరైన ఎత్తులో బిగించాలి. కాస్త తేడా వచ్చినా గతుకు మీద చక్రం పైకి లేచిన ప్రతిసారీ కారు తనంతట తానే పక్కకు లాగుతుంది.

షాఫ్ట్‌ను ఇంజిన్ పక్కనుంచి వంకర తిప్పి తేవడానికి యూనివర్సల్ జాయింట్లు (వంపు దగ్గర కూడా షాఫ్ట్‌ను తిరగనిచ్చే కీళ్లు) వాడతారు. రెండు జాయింట్లూ ఒకదానికొకటి సరైన వరసలో లేకపోతే స్టీరింగ్ ఒక పావు చుట్టు తేలిగ్గా, తర్వాతి పావు చుట్టు బరువుగా తిరుగుతుంది. కారు నిలిపి, ముందు చక్రాలు నేల నుంచి లేపి, రెండు వేళ్లతో స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివర దాకా నెమ్మదిగా తిప్పి చూడండి. ఆ తేడా చేతికే తెలిసిపోతుంది.

"బ్రేకుకు ఒక రాడ్డు వేస్తే చాలు"

బూస్టర్ (కాలి బలాన్ని పెంచేది), మాస్టర్ సిలిండర్ (బ్రేకు ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టేది) ఎడమ వైపే ఉంచి, కుడి పెడల్ నుంచి అడ్డంగా షాఫ్ట్ వేయడం అసలు తప్పని నేను అనను. ఫోక్స్‌వ్యాగన్ తొలి తరం కుడి స్టీరింగ్ గోల్ఫ్‌లో కంపెనీయే ఈ పని చేసింది. అయినా ఆ బ్రేకు స్పాంజిని తొక్కినట్టు ఉంటుందన్న ఫిర్యాదు వాటిని నడిపినవాళ్లలో మామూలే. ఫ్యాక్టరీ చేస్తేనే ఇలా ఉంటే, షెడ్డులో పైపు ముక్క వెల్డింగ్ చేస్తే ఎలా ఉంటుంది? బూస్టర్ లేని పాత కారులో పెడల్ మీద పడిన కాలి బలం మీట వల్ల నాలుగైదు రెట్లవుతుంది. 30 కిలోల బలంతో తొక్కితే రాడ్డు మీద 120 నుంచి 150 కిలోలు పడుతుంది. షాఫ్ట్ ఏమాత్రం మెలి తిరిగినా, బ్రాకెట్ బిగించిన రేకు వంగినా అంత మేరకు బ్రేకు పోయినట్టే. ఒకరు పెడల్ గట్టిగా తొక్కి పట్టుకుంటే ఇంకొకరు బానెట్ ఎత్తి ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే రేకు గోడ) వైపు చూడాలి. రేకు ఊపిరి తీసినట్టు ముందుకూ వెనక్కూ కదిలితే ఆ కారును రోడ్డెక్కించొద్దు.

"మార్చకుండా నడిపితే ప్రాణాలకే ముప్పు"

ఇందులో సగం నిజం. స్వీడన్‌లో 1967 సెప్టెంబర్ 3 దాకా బళ్లు రోడ్డుకు ఎడమ పక్క నడిచేవి, కార్లలో ఎక్కువ భాగం మాత్రం ఎడమ స్టీరింగ్‌వే. ఒక దేశం దేశమే ఏళ్ల తరబడి అలా నడిపింది. ఓవర్‌టేక్ చేసేటప్పుడు మాత్రం ఎదురొచ్చే బండి డ్రైవర్‌కు ఆలస్యంగా కనిపిస్తుంది. స్వీడన్ ఆ రోజు కుడి పక్కకు మారడానికి అదీ ఒక కారణం. ఎప్పుడో ఒకసారి సరదాగా తీసే కారైతే ముందు బండికి దూరం పాటించి, ఓవర్‌టేక్ మానుకుని నడుపుకోవచ్చు. రోజూ హైవే ఎక్కాలంటే టెన్షన్ తప్పదు.

మెసేజ్‌లో లేని విషయం ఒకటుంది, నిజానికి అదే ముఖ్యం. ఐరోపా తరహా హెడ్‌లైట్ డిమ్‌లో వెలుగు ఒక పక్కకు కాస్త పైకి లేస్తుంది, రోడ్డు అంచు కనిపించడానికి. కుడి పక్క నడిచే రోడ్లకు చేసిన లైట్లను ఎడమ పక్క వాడితే ఆ వెలుగు ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. స్టీరింగ్ మార్చినా మార్చకపోయినా లైట్లు మార్చి తీరాలి. స్టీరింగ్ మారిస్తే వైపర్లూ చూసుకోవాలి. తుడిచే మేర పాత డ్రైవర్ కోసం లెక్కగట్టింది, కొత్త డ్రైవర్ పక్క వానలో ఒక పట్టీ తడిగానే మిగిలిపోతుంది.

"మారిస్తే విలువ పెరుగుతుంది"

ఈ టైప్ లాంటి కారును అసలు భాగాలతో మార్చి, కుడి స్టీరింగ్ దేశంలో అమ్మితే కొనేవాళ్లు పెరగొచ్చు. కానీ ఛాసిస్ నంబర్ అబద్ధమాడదు. 3.8 లీటర్ ఇంజిన్ ఉన్న ఓపెన్ టాప్ ఈ టైప్‌లో కుడి స్టీరింగ్ కార్ల నంబర్లు 850001 నుంచి, ఎడమవి 875001 నుంచి మొదలవుతాయి. తెలిసినవాడు ముందు ఆ ప్లేటే చూస్తాడు. గల్‌వింగ్‌ను మార్చి విలువ పెరిగిందనుకునేవాడు ఎవరో నాకు అర్థం కాదు. పైగా "తప్పు వైపు" స్టీరింగ్ కొన్ని కార్లకు అసలు రూపమే. కుడి పక్క నడిచే ఇటలీలో లాన్సియా 1950ల దాకా కుడి స్టీరింగ్ కార్లు చేస్తూనే వచ్చింది.

"మళ్లీ పాతలా చేసుకోవచ్చు"

ఫైర్‌వాల్‌లో కోసిన రంధ్రం పూడ్చొచ్చు, కోయనట్టు చేయలేం. తీసిన స్టీరింగ్ బాక్స్, డ్యాష్‌బోర్డు, పెడళ్లు షెడ్డు పాత ఇనుము కింద తోసేస్తే ఇక వెనక్కి వచ్చే దారే ఉండదు. మార్చాలనే నిర్ణయించుకుంటే ప్రతి భాగానికీ చీటీ కట్టి మీ దగ్గరే పెట్టుకోండి, కోయడానికి ముందు ఫొటోలు తీయండి. రిజిస్ట్రేషన్ చేసే ఆఫీసు ఈ మార్పుకు ఏ కాగితాలు, ఎవరి తనిఖీ అడుగుతుందో కట్టర్ ఆన్ చేయకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.