కవర్లో కరిగి, ఫ్రిజ్‌లో తెల్లబడ్డ చాక్లెట్ బారు గారికి

మహారాజశ్రీ చాక్లెట్ బారు గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేం క్షేమమే. తమరు క్షేమంగా లేరని మాత్రం రేపర్ విప్పగానే తెలిసింది. పది నిమిషాల్లో తెస్తామన్నవాళ్లు పది నిమిషాల్లోనే తెచ్చారు, కాదనం. కానీ మే నెలలో, మధ్యాహ్నం మూడింటికి, బండి వెనక నల్ల సంచిలో ఆ పది నిమిషాలే తమరికి ఎక్కువయ్యాయి. గుమ్మం దగ్గర చేతికొచ్చింది బారు కాదు, గోరింటాకు కోను. సరే, గడ్డకడతారులే అని ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రానికి ఒళ్లంతా విభూతి పూసుకుని దర్శనమిచ్చారు. విరిస్తే టక్కుమనలేదు, పాతగోడ పెచ్చులా రాలారు. నోట్లో వేసుకుంటే ఇసుక.

మిగతా వాటికి సర్దుకుపోయాం. 2024 డిసెంబరులో ప్రపంచ మార్కెట్లో టన్ను కోకో 12 వేల డాలర్లు దాటిందని తమరు గ్రాములు తగ్గించుకుంటే పాపం అనుకున్నాం. తర్వాత ఆ ధర దిగింది, గ్రాములు మాత్రం తిరిగి రాలేదు. అయినా ఊరుకున్నాం. చిల్లర లేదని కొట్టువాడు చేతిలో పెట్టే పుల్లబిళ్లని కూడా తమరి పేరుతోనే పిలుస్తున్నాం. ఇంతకన్నా మర్యాద ఏం చేస్తాం?

ఒక్కటి మాత్రం మింగుడుపడడం లేదు. అసలు తమరి మీద యావ దేనికి? పెరుగన్నం కూడా అయిపోయి, పొట్టలో చోటు లేదని తెలిసీ నాలుక తమరి కోసమే ఎందుకు పీకుతుంది?

ఒంట్లో మెగ్నీషియం తక్కువైతే అట్లాగే ఉంటుందని ఒక సాకు. నువ్వుల్లో తమరికంటే ఎక్కువే ఉంది. అర్ధరాత్రి లేచి చిమ్మిలి కోసం డబ్బాలు వెతికేవాళ్లని చూపించండి. తమరిలో ప్రేమ రసాయనం ఉందని ఇంకో సాకు. ఆ ఫినైల్‌ఇథైలమీన్ నోట్లో పడ్డాక మెదడు దాకా పోకుండానే ఎంజైములు దాన్ని విరిచేస్తాయి. పైగా అది చీజులోనూ ఉంది, ఫిబ్రవరి 14న ఎవరూ చీజు ముక్కకి రిబ్బను కట్టరు. మన ‘ఆనందం’ మాటతోనే పేరు పెట్టిన, మెదడు మీద గంజాయిలా పనిచేసే ఆనందమైడ్ తమరిలో ఉందని 1996లో కనిపెట్టారు, నిజమే. అది మత్తెక్కించాలంటే కిలోలకు కిలోలు తినాలి. ఇక నెలసరి. అమెరికాలో పుట్టినవాళ్లు ఆ రోజుల్లో చాక్లెట్ మీదికి మనసు పోతుందని ఎక్కువగా చెప్తారట. వేరే దేశాల్లో పుట్టి అక్కడికి వెళ్లినవాళ్లు చాలా తక్కువగా చెప్తారని 2017లో అచ్చయిన ఒక అధ్యయనం తేల్చింది. హార్మోన్లు పాస్‌పోర్టు చూస్తాయా?

తమరి బండారం 1994లోనే బయటపడింది. విల్లా మిచెనర్, పాల్ రోజిన్ అనే పరిశోధకులు చాక్లెట్ యావ ఉన్నవాళ్లకి మూసిన డబ్బాలు ఇచ్చి, మనసు పీకినప్పుడు ఒకటి విప్పి అందులో ఉన్నది తినమన్నారు. ఒకదాంట్లో పాల చాక్లెట్, ఒకదాంట్లో తెల్ల చాక్లెట్, ఒకదాంట్లో కోకో పొడి క్యాప్సూల్స్, ఒకదాంట్లో ఉత్తుత్తి క్యాప్సూల్స్. కోకోలో ఉందని చెప్పే మందంతా క్యాప్సూల్లో ఉంది, యావ తగ్గలేదు. తెల్ల చాక్లెట్‌లో కోకో పొడి అసలు లేదు, ఉన్నది కోకో వెన్న, పాలు, పంచదార. దాంతో కొంత తగ్గింది. తెల్ల చాక్లెట్‌తో పాటు కోకో క్యాప్సూల్ మింగినా అదనంగా ఒరిగిందేమీ లేదు. అన్నిటికంటే బాగా పనిచేసింది నోట్లో కరిగే పాల చాక్లెట్టే.

అంటే గుట్టంతా నోట్లోనే ఉంది మహాప్రభో. రుచి, వాసన, ఆ కరగడం. కోకో వెన్న ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకడుతుంది. అందులో ఐదోదే అసలు సరుకు: నిగనిగలాడుతుంది, విరిస్తే టక్కుమంటుంది, 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చేతిలో గట్టిగా ఉండి, 37 డిగ్రీల నోట్లో ఇట్టే జారిపోతుంది. కరుగుతూ నాలుక వేడిని లాక్కుంటుంది గనక చల్లగా కూడా అనిపిస్తుంది. ఆ ఐదో రకం కోసమే నల్ల చాక్లెట్‌ని 45 డిగ్రీలకు పైగా కరిగించి, 27కి దించి, మళ్లీ 31కి ఎక్కిస్తారు. ఇంత తపస్సు చేయించుకుని, నువ్వు ఓడిపోయేది ఎక్కడ? విజయవాడలో, రామగుండంలో. ఇక్కడ మే నెలలో ఫ్యాను కింద కూర్చున్నా నోటికీ గదికీ పెద్ద తేడా ఉండదు. ఎందుకోసం నీ మీద పడి చస్తామో, ఆ గుణమే మా ఊళ్లో నీ కొంప ముంచుతోంది!

అవును, ‘నువ్వు’ అనే అంటున్నా. ఇసుక నమిలినవాళ్లకి గౌరవ వాచకాలు గుర్తుండవు.

కరిగి, ఇష్టమొచ్చినట్టు గడ్డకట్టినప్పుడు ఐదో రకం పోయి, వెన్న పైకి తేలి తెల్లబడతావు. జనం బూజనుకుని పారేస్తారు. బూజు కాదు, తింటే ఏమీ కాదు. ఫ్రిజ్ తేమ పట్టి పంచదార కరిగి ఆరితే ఇంకో రకం తెలుపు. చుక్క నీళ్లు వేస్తే తేలిపోతుంది: ముత్యంలా నిలబడితే వెన్న, పరుచుకుపోతే పంచదార. నిన్ను గాలి చొరని డబ్బాలో పెట్టాలి, లేకపోతే పక్క గిన్నెలోని చేపల పులుసు వాసనంతా పీల్చుకుంటావు. బయటికి తీశాక అరగంట మూత తీయకూడదు, తీస్తే చెమట పడతావు. కొత్తల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు లేవు.

ఎండకి తట్టుకోమంటే నీ తమ్ముడు కాంపౌండ్‌ని పంపుతావు. కోకో వెన్న తీసేసి గట్టి పామ్ కొవ్వు కూరిన సరుకు. చట్టం ప్రకారం చాక్లెట్ అనిపించుకోవాలంటే వేరే కొవ్వు 5 శాతం మించకూడదు గనక ‘చాకో’, ‘చాక్లెటీ’ అని పేరు తిప్పుకుంటాడు. వాడు బండి మీద కరగడు, నోట్లోనూ కరగడు. కొవ్వొత్తి కొరికినట్టు అంగిట్లో మైనం అంటుకుంటుంది, యావ యావలాగే ఉంటుంది. ఏలూరు జిల్లా తోటల్లో ఆయిల్ పామ్, కొబ్బరి చెట్ల నీడన అంతరపంటగా కోకో పెరుగుతుంది. తోటలో పామ్ పైన, కోకో కింద. నీ తమ్ముడి రేపర్ మీద దినుసుల వరసా అంతే.

ఇట్లు,
ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడ్డ ఒక విధేయులు

తా.క. నిన్ను పారేయలేదు. తెల్లబడ్డ ముక్కలు ఐదు, కప్పు వేడి పాలు, చిటికెడు ఉప్పు. ఆ పాలలో నీ తెలుపు కనపడలేదు, ఇసుకా తగల్లేదు. రేపు ఇంకో బారు వస్తోంది. ఈసారి రాత్రి తొమ్మిది దాటాకే తెమ్మన్నాం.