పిల్లాడికి ఒక తేనెటీగతో కుట్టించి చూడమనే వాళ్ళకు

ఇంట్లో పిల్లలతో తేనెటీగలు పెంచడం గురించి తిరుగుతున్న ఒక మెసేజ్ ఈ వారంలో నాకు ఆరుసార్లు వచ్చింది. మా పెరట్లో తేనెటీగల పెట్టె ఉందని తెలిసిన ప్రతివాళ్ళూ "నీకు పనికొస్తుంది చూడు" అని పంపుతున్నారు. చివరిసారి పంపింది మా పిన్ని. తొమ్మిదేళ్ళ మనవరాలికి సెలవుల్లో ఒక పెట్టె కొనిపెడదామని కూడా రాసింది, అందుకే ఇక ఊరుకోలేకపోయాను.

ఆ మెసేజ్‌లో ఉన్నవి ఇవి. పెట్టెకు ఏడాదికి 40 కిలోల తేనె వస్తుందట. పిల్లలకు రోజూ మూత తీసి చూపించాలట. ఈగలు భయాన్ని వాసన పట్టి కుడతాయి కాబట్టి ధైర్యంగా ఉంటే ముసుగు అక్కర్లేదట. అలర్జీ ఉందో లేదో తేలాలంటే ముందు పిల్లాడికి ఒక ఈగతో కుట్టించి చూడాలట, ఏమీ కాకపోతే ఇక జన్మలో భయం లేదట. కుడితే సున్నం రాయాలట. ఇంటి తేనె నెలల పిల్లలకు కూడా నాకించొచ్చట. తేనెటీగలు పోతే నాలుగేళ్ళలో మనుషులు ఉండరని ఐన్‌స్టీన్ అన్నాడట. అన్నిటికీ చివర, పిల్లలు మనకంటే తొందరగా అలవాటు పడతారట.

ఐన్‌స్టీన్ ఆ మాట అన్నట్టు ఎక్కడా దాఖలా లేదు. మనం తినే వరికి తేనెటీగతో పని లేదు, గుమ్మడికీ దోసకీ పొద్దుతిరుగుడుకీ ఉంది. ఆ సంగతి చెప్పడానికి ఆయన పేరు అక్కర్లేదు.

40 కిలోలు ఇటాలియన్ ఈగల లెక్క. వాటి పెట్టెలను లారీల్లో వేసుకుని ఏ పంట పూస్తే ఆ పొలానికి తిప్పే వాళ్ళకు వస్తుంది. పెరట్లో ఒకచోటే ఉండే మన పుట్టతేనెటీగల పెట్టెకు బాగుంటే ఐదారు కిలోలు. మాది కోనసీమ, కొబ్బరి ఏడాది పొడుగునా పూస్తూనే ఉంటుంది, అయినా మొదటి ఏడాది మేం తీసింది మూడు కిలోలు కూడా లేదు. మిగతాది వాటికే వదిలేశాం, ముసురు పట్టి ఈగలు బయటికి రాలేని రోజుల్లో పంచదార పాకం కూడా పెట్టాల్సి వచ్చింది.

రోజూ మూత తీయడం గురించి నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేను చేసిన తప్పే అది. రాణి ఈగను చూడాలని మా వాడికి తపన, వాడికి చూపించాలని నాకు ఇంకా ఎక్కువ తపన, పది రోజుల్లో నాలుగుసార్లు తీశాం. లోపల పిల్ల పురుగులు పెరగాలంటే వేడి 35 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి, మూత తీసిన ప్రతిసారీ అది పోతుంది. పుట్టతేనెటీగలు చికాకు పడితే ఇల్లు వదిలి ఎగిరిపోయే రకం. పదకొండో రోజు పొద్దున చూస్తే పెట్టె ముందు ఒక్క ఈగ లేదు. లోపల చట్రాలకు తెల్లగా కొత్త పట్లు వేలాడుతున్నాయి, వాటి మీద చీమలు. మా వాడు ఆ రోజంతా అన్నం తినలేదు. తర్వాత తెచ్చుకున్న పెట్టెను వారానికోసారి కూడా తీయడం లేదు.

భయం సంగతి. ఈగలు కుట్టేది మన ధైర్యం కొలిచి కాదు. చేయి విదిలించినా, ఊపిరి వాటి మీద ఊదినా, నల్ల బట్టలు కట్టినా, ఒక ఈగ నలిగినా రేగుతాయి. ఒకటి కుట్టిందంటే అక్కడ పండిన అరటిపండు లాంటి వాసన వదులుతుంది, ఆ వాసనకు మిగతావి అదే చోటికి వస్తాయి. మొదటిసారి నా చేతులు ఎంత వణికాయంటే చట్రం జారి రెండు మూడు ఈగలు నలిగాయి. వెంటనే పది పదిహేను వచ్చి ముసుగు వలకు నా కళ్ళ ఎదురుగా అంటుకున్నాయి. ఆ వల లేకపోతే అవి వాలేది నా కళ్ళ మీదే. టెన్షన్ పడే మనిషికి ముసుగు ఇంకా ఎక్కువ అవసరం, పిల్లాడికైతే అది లేకుండా పెట్టె దగ్గరికే వద్దు.

ఇక ఆ కుట్టించి చూసే పరీక్ష. ఇది రాసినవాళ్ళు ఎవరో గానీ, పంపేవాళ్ళయినా ఒక్క నిమిషం ఆలోచించలేదా? విషానికి అలర్జీ సాధారణంగా మొదటిసారి కుట్టినప్పుడు బయటపడదు. ఒళ్ళు ఆ విషాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకోవడం అప్పుడు మొదలవుతుంది. విరుచుకుపడేది రెండోసారి కావచ్చు, ఇరవయ్యోసారి కావచ్చు. అంటే పరీక్ష "పాసైన" పిల్లాడి గురించి మీకు కొత్తగా తెలిసింది సున్నా, ఉన్న జాగ్రత్త మాత్రం పోయింది. ఎప్పుడో ఆటల్లో ఒకసారి కుట్టినా అది మీకు చెప్పని పిల్లాడైతే, మీరు కుట్టించేదే రెండోసారి కాదా? డాక్టరు ఆసుపత్రిలో, మందు పక్కన పెట్టుకుని చేయాల్సిన పరీక్షను పెరట్లో ఈగ చేత చేయిస్తారా?

మా తోటలో కొబ్బరి దింపు తీసే ఆయనకు చెట్ల మీద ఈగలు కుట్టడం మామూలే, ఇరవై ఏళ్ళుగా కుడుతూనే ఉన్నాయి. రెండేళ్ళ కిందట ఒకే ఒక్కటి మెడ మీద కుట్టింది. కిందికి దిగి మంచినీళ్ళు అడిగాడు, గ్లాసు ఇచ్చేలోపే ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు ఉబ్బి మాట ముద్దగా వచ్చింది, అరుగు మీద కూలబడ్డాడు. ఆటోలో తీసుకెళ్తే తొడకు ఇంజెక్షన్ ఇచ్చి బతికించారు. ఇరవై ఏళ్ళ "పరీక్ష" ఆయన్ని కాపాడలేదు.

కాబట్టి పెట్టె కొనకముందు తెలుసుకోవాల్సింది ఇది. కుట్టిన చోట వాపు, మర్నాటికి చేయంతా ఉబ్బినా సరే, చాలావరకు అక్కడితో తగ్గిపోతుంది. కుట్టిన చోటికి దూరంగా దద్దుర్లు లేచినా, నాలుకో పెదాలో వాచినా, ఆయాసం, వాంతి, కళ్ళు తిరగడం ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా 108. పడుకోబెట్టండి, నడిపించకండి, ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టండి. అప్పుడు కావాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్, ఇంట్లో ఉన్న అలర్జీ మాత్ర దానికి బదులు కాదు. రాత్రిపూట కూడా అది ఇచ్చే ఆసుపత్రి ఎంత దూరమో ముందే కనుక్కోండి. పిల్లలకు ఉబ్బసం ఉన్నా, ఇదివరకు కుట్టినప్పుడు తేడా చేసినా, ముందు డాక్టరును అడగండి, తర్వాతే పెట్టె.

సున్నం వెతకడానికి లోపలికి పరిగెత్తకండి. ఈగ పోయినా దాని కొండి చర్మంలో ఉండిపోతుంది, వెనక గసగసంత సంచి కొట్టుకుంటూ ఇంకా విషం ఎక్కిస్తూనే ఉంటుంది. గోటితో గీకినా పర్లేదు, పట్టుకుని లాగినా పర్లేదు, ఎంత తొందరగా తీస్తే అంత మంచిది. తర్వాత సబ్బుతో కడిగి ఐసు పెట్టండి.

ఏడాది నిండని పిల్లలకు తేనె వద్దు, ఒక్క చుక్క కూడా. స్వచ్ఛమైన తేనెలో కూడా బొటులిజం అనే, కండరాలు చచ్చుబడే జబ్బును తెప్పించే బాక్టీరియా బీజాలు ఉండొచ్చు, ఇంట్లో కాచినా అవి చావవు, పసిపేగులు వాటిని ఆపలేవు.

పిల్లలు మనకంటే తొందరగా అలవాటు పడతారన్న ఆ మెసేజ్ చివరి మాట మాత్రం నిజం, ఒప్పుకుంటున్నాను. నేను ఇప్పటికీ మూత తీసే ముందు రెండుసార్లు వెనక్కి వస్తాను. మా వాడు ముసుగు వేసుకుని, ఈగల దారికి అడ్డం లేకుండా పక్కగా పీట వేసుకుని అరగంట కదలకుండా కూర్చుంటాడు. "అమ్మా, ఇది రెండు కాళ్ళకూ పసుపు మూటలు కట్టుకొచ్చింది" అని మెల్లగా చెబుతాడు. నా చేతుల వణుకు తగ్గింది వాణ్ణి చూసే.

పిన్నీ, పెట్టె కొనొద్దని నేను అనడం లేదు. ముందు పాపను డాక్టరుకు చూపించి, ఒకసారి మా ఇంటికి తీసుకురా, ఇద్దరికీ ముసుగులు నేనిస్తాను. ఆ మెసేజ్ మాత్రం నీ ఫోన్‌లోంచి తీసేయి, నువ్వు ఎవరెవరికి పంపావో వాళ్ళకు కుట్టించే పరీక్ష చేయొద్దని ఇవాళే ఫోన్ చేసి చెప్పు.